పన్నెండు లక్షల కొంగ

పన్నెండు లక్షలు చెప్పిన కొంగను నాలుగు లక్షలకు కొట్టుకొచ్చిన మొనగాణ్ణి నేను. ఐర్లాండులో నాకు తెలిసిన తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, చెప్పింది నేనే కనక. దీపావళి కలయికల్లో చెప్పాను. పుట్టినరోజు పార్టీల్లో చెప్పాను. సిటీవెస్ట్‌లో ట్రామ్ ఎక్కి నా పక్కన కూర్చున్న పాపానికి ఒక కొత్త కుర్రాడికి, అతను దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా చెప్పాను. లక్షలంటే ఇండోనేషియా లక్షలు లెండి. యూరోల్లోకి మారిస్తే నలుగురు కూర్చుని భోంచేసినంత. కానీ లక్ష అన్న మాట నోట్లో పడితే మనవాళ్ళకి వెన్ను దానంతటదే నిటారవుతుంది. ఆ బేరం కోసం ఒక నాట్యాన్ని తగలేశాను. అది నేను చూడాలనుకున్నది కాదు, ఒక పెద్దాయన చూడాలనుకున్నది. కథ చెప్పేటప్పుడు ఆ భాగం వచ్చేసరికి టీ తాగేవాణ్ణి.

ఈ ఉదయం పోర్ట్‌లీష్‌లో చలి మొదలైంది. ఈ ఏడాదికి మొదటిసారి హీటింగ్ వేశాం. వంటగదిలో అలమరా పైన, దాన్ని ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారు, ఆ కొంగ నిలబడి ఉంటుంది. గోడ వెచ్చబడగానే దాని ఒంట్లోంచి గంధం వాసన మెల్లగా దిగింది. అది అసలు గంధం కాదు. మామూలు చెక్క మీద ఏదో పూసి రుద్దారు, నాకా సంగతి కొన్నరోజే తెలుసు. అయినా ఇన్నేళ్ళకీ వదల్లేదు. ఆ వాసన రాగానే నాకు పక్కింటి మార్టిన్ దగ్గు వినిపించినట్టయింది. పక్కింట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు.

నేను పుట్టింది చీరాలలో, కొట్ల మధ్య. నాన్నది బట్టల కొట్టు, పక్కది మేనమామ స్టీలు సామాన్ల కొట్టు, వీధి మొగలో పెదనాన్న కిరాణా. చదువుకంటే ముందు నాకు అబ్బిన విద్య ఒకటుంది. బేరం తెగక లేచి వెళ్ళిపోయే మనిషిని ఎప్పుడు వెనక్కి పిలవాలో నాన్న నన్ను చూసి తెలుసుకునేవాడు. ఆవిడ మెట్లు దిగుతుంటే తల ఏ మాత్రమైనా తిప్పిందా లేదా చూడటం నా ఉద్యోగం. తిప్పితే నేను చెవి గోక్కునేవాణ్ణి. వెంటనే నాన్న, "అమ్మా, రండి, మీ మాటే ఖాయం" అనేవాడు. పెద్దయ్యాక నేను గల్లాకి అవతలివైపు మనిషినయ్యాను. అంటే, లేచి వెళ్ళిపోవడం నేర్చుకున్నాను. తల తిప్పకుండా వెళ్ళేవాణ్ణి.

ఆ విద్యంతా పట్టుకుని మార్టిన్ ముందు నిలబడటం నా మొదటి తప్పు. ఆయన జీవితమంతా పశువుల బేరగాడు. అటు కిల్కెన్నీ నుంచి ఇటు లీష్ దాకా సంతల్లో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి, ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపి బేరం తెగ్గొట్టేవాడట. మేం ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఆయన పెరట్లో పొయ్యి కట్టెలు అమ్మకానికి పేర్చి ఉన్నాయి. నేను ధర అడిగాను, సగానికి అడిగాను, మొహం చిట్లించాను, వెనక్కి తిరిగాను. ఆయన నన్ను గేటు దాకా పోనిచ్చి, "నీ నడక బాగుంది, అబ్బాయ్. ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు. ఎనభైకి దగ్గరగా ఉన్న మనిషి, తలమీద బల్లపరుపు టోపీ, బూట్ల నిండా బురద. ధర కుదిరాక, సంతల్లో బేరం ఖాయం చేసే పద్ధతిలో, అరచేతిలో ఉమ్మి, ఆ చేతిని నా ముందుకి చాచాడు. నేను జేబులో శానిటైజర్ కోసం వెతుక్కున్నాను. "ఉత్తుత్తినే ఉమ్మాను, తడి లేదు, చూసుకో" అని పకపకా నవ్వి, నా చేతిమీద ఫట్‌మని చరిచాడు.

డబ్బు లెక్కపెట్టుకున్నాక అందులోంచి ఒక ఐదు యూరోల నోటు తీసి మళ్ళీ నా చేతిలో పెట్టాడు. "లక్ పెన్నీ" అన్నాడు. అమ్మినవాడు శుభం కోసం కొన్నవాడికి కాస్త వెనక్కిస్తాడట. ఇక్కడి సంతల్లో అదొక మర్యాద. మా ఊళ్ళో కొసరు ఉంది. కానీ కొనేవాడు కొసరాలి, అమ్మేవాడు ఏడ్చుకుంటూ విదల్చాలి. అడక్కుండానే వెనక్కిచ్చేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. కొట్లో పెరిగిన బుర్ర వెంటనే పనిచేసింది.

"ఐదు వెనక్కిచ్చారంటే ఇంకా మార్జిన్ ఉందన్నమాట. ఇంకో ఐదు తగ్గించొచ్చుగా?" అన్నాను.

దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఒరే, నువ్వు పుట్టాల్సింది మా వీధిలో" అన్నాడు. తర్వాత, నవ్వు తగ్గాక, "నువ్వు గెలిచావని అవతలివాడికి తెలిసేలా గెలిస్తే, వచ్చే ఏడాది నీకు దూడ అమ్మడు, శ్రీ" అన్నాడు. నాకు దూడలెందుకు, నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి అనుకున్నాను. శ్రీనివాసరావుని ఆయన ఆరోజే శ్రీ చేసేశాడు. నా భార్య మాధవి మాత్రం పేరు పెట్టి పిలవలేక అంకుల్ అంటే, మొదట్లో ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవరి అంకుల్ వచ్చాడా అని. కొన్నాళ్ళకి అలవాటైపోయి, ఫోన్ చేసి, "నేను, అంకుల్ని" అనేవాడు.

ఆయన వంటింట్లో ప్రెస్ తలుపు లోపలివైపు ఒక కేలండర్ కాగితం అంటించి ఉండేది. టీ కప్పులు తీసినప్పుడల్లా కనిపించేది. బంగారు కిరీటం పెట్టుకున్న పిల్ల, మోచేతులు పైకి లేచి, వేళ్ళు వెనక్కి వంగి, కళ్ళు మాత్రం పక్కకి. బాలి నాట్యం. అంటించింది ఆయన భార్య బ్రీడా. నేను ఆవిణ్ణి చూడలేదు, మేం రాకముందే పోయింది. ఊరి హాల్లో పిల్లలకి ఐరిష్ డ్యాన్స్ నేర్పేదట. ఆ డ్యాన్సులో కాళ్ళు నిప్పులమీద ఉన్నట్టు ఎగురుతాయి, చేతులు మాత్రం ఒంటికి అంటుకుపోయి ఉండాలి. మా అమ్మాయి అన్వి బళ్ళో నేర్చుకుంటోంది కాబట్టి నాకు తెలుసు. చెయ్యి కదిలిందా, మార్కులు పోయాయి.

"జీవితమంతా పిల్లల చేతులు కిందికి నొక్కి పట్టడమే దాని పని" అని చెప్పాడు ఒకసారి మార్టిన్, కాగితం వైపు చూస్తూ. "ఇది కనిపించిన దగ్గర్నుంచీ ఒకటే గోల. మార్టిన్, వీళ్ళు చేతులతోనే ఆడతారట, కళ్ళతో ఆడతారట, ఒక్కసారి వెళ్ళి ఆ టీచర్ని అడగాలి, చేతులు ఎలా నేర్పుతావమ్మా అని. నేనేమో ఆవుల ఈతలు అయ్యాక వెళదాం అన్నాను. తర్వాత గడ్డికోతలు అయ్యాక అన్నాను. ఆవులకి ఈతలు ఆగుతాయా?" కప్పులు తీసుకుని తలుపు మెల్లగా మూశాడు. అది గట్టిగా మూస్తే కాగితం ఊడుతుందని ఆయన భయం.

మేం బాలి వెళుతున్నామని మాధవి చెప్పిన సాయంత్రం ఆయన మా గుమ్మంలోకి వచ్చి, టోపీ చేతిలో తిప్పుతూ, "ఒక ముసలివాడికి చోటుందా?" అన్నాడు. అంతకుముందు ఆయన ఐర్లాండ్ దాటింది రెండుసార్లు, లివర్‌పూల్‌కీ, లూర్ద్ తీర్థయాత్రకీ. పాస్‌పోర్టు కొత్తది చేయించుకున్నాడు. విమానంలో కోటు విప్పమంటే విప్పలేదు. లోపలి జేబులో మడతపెట్టిన కేలండర్ కాగితం ఉంది.

నాట్యం చూసేది చివరిరోజున పెట్టాం. మర్నాడు పొద్దున్నే మా విమానం. ఒక్కరోజు టూరు: పొద్దున గుళ్ళు, మధ్యాహ్నం చెక్క పనివాళ్ళ ఊరు, నాలుగింటికి ఒక గుడి ముంగిట నాట్యం. గైడు పేరు కేతుత్. తలకి తెల్ల గుడ్డ కట్టుకున్న నడివయసు మనిషి, వాన్ కూడా ఆయనే నడిపేవాడు. ఆయన చెప్పిన రేటు తగ్గించడానికి నేను రెండు కప్పుల కాఫీ తాగాను, అవి కూడా ఆయన డబ్బుతోనే.

ఊటనీళ్ళ గుళ్ళో మార్టిన్‌కి పంచె లాంటి గుడ్డ చుట్టి, నడుముకి పసుపు పట్టీ కట్టారు. పైన మాత్రం టోపీ తియ్యలేదు. "బ్రీడా చూస్తే నవ్వి చచ్చేది" అని, టోపీ సర్దుకుని, "చచ్చే ఉందనుకో" అన్నాడు. దారి పొడుగునా నేలమీద కొబ్బరాకుతో అల్లిన బుల్లి పళ్ళేలు, వాటిలో పూలు, చిటికెడు అన్నం, ఒకదాంట్లో బిస్కట్టు కూడా. జనం హడావిడిలో తొక్కుకుంటూ పోతున్నారు. మార్టిన్ మాత్రం కోడిపిల్లల మధ్య నడుస్తున్నట్టు ఒక్కో అడుగూ చూసి వేశాడు.

చెక్క ఊరికి చేరేసరికి రెండు దాటింది. కేతుత్ వాన్ ఆపుతూ, "మూడుకల్లా కదలాలి సార్, ఇవాళ ఊరేగింపు ఉంది, రోడ్డు ఆపేస్తారు" అన్నాడు. నేను మనసులో నవ్వుకున్నాను. తొందర పెట్టి కొనిపించడం మా పెదనాన్న కూడా చేసేవాడు. గైడుకి కొట్టులో కమీషన్ ఉంటుందని తెలియడానికి బాలి దాకా వెళ్ళక్కర్లేదు. చీరాల స్టేషన్ నుంచి పెళ్ళివాళ్ళని తీసుకొచ్చే రిక్షావాళ్ళకి మా నాన్న ఇచ్చేవాడు. ఆ కమీషన్‌ని ధరలోంచి ఊడగొట్టడం నా కులవృత్తి అనుకున్నాను.

కొంగ కొట్టు మధ్యలో ఒంటికాలిమీద నిలబడి ఉంది. కొట్టు నడిపే ఆవిడ పన్నెండు లక్షలు చెప్పి, "గంధం, వాసన చూడండి" అంది. నేను మూడన్నాను. ఆవిడ పది అంది. నేను బయటికి నడిచాను. తల తిప్పలేదు. వాన్‌లో కూర్చున్నాను.

ఆవిడ పిలవలేదు.

"ఏవండీ, టైమ్ చూశారా?" అంది మాధవి.

"ఇప్పుడు మనం కదిలితే ఓడిపోయినట్టే."

"డాడ్, ఇట్స్ ఎ బర్డ్, లైక్" అంది అన్వి.

మార్టిన్ టోపీ మోకాలిమీద పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. "పిలవకపోతే, శ్రీ?"

"పిలుస్తుంది మార్టిన్. మా వంశంలో పిలిపించుకోకుండా వెళ్ళినవాడు లేడు."

"గ్రాండ్" అన్నాడాయన. గ్రాండ్ అంటే ఈ దేశంలో బాగుందని కాదు, సరేలే అని. మూడు దాటింది. కేతుత్ రెండుసార్లు ఇంజన్ వేసి ఆపాడు. చివరికి మార్టిన్ బాత్రూమ్‌కి వెళ్ళొస్తానన్నాడు. "మెట్లున్నాయి అంకుల్" అని మాధవి తోడు వెళ్ళింది. ఇద్దరూ తిరిగొచ్చి కూర్చున్న కాసేపటికి కొట్టావిడ కొంగని కాగితంలో చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఫోర్! ఓకే, ఫోర్!" నేను మార్టిన్ వైపు తిరిగి కాలరు ఎగరేశాను. ఆయన నా భుజంమీద చరిచాడు.

డబ్బివ్వడానికి నేను కొట్టులోకి వెళ్ళాను. ఆవిడ నా నోట్లు తీసుకుని, వాటితో కొట్లో ఉన్న బొమ్మలన్నిటినీ తట్టుకుంటూ తిరిగింది. గుడ్లగూబల్ని, పిల్లుల్ని, దేవుళ్ళని. ఏం చేస్తోందో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. బోణీ. మా నాన్న మొదటి నోటుని కళ్ళకద్దుకునేవాడు, ఈవిడ సరుక్కి అద్దుతోంది. మధ్యాహ్నం మూడు దాటాక బోణీ. కానీ ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి నా బుర్ర మళ్ళీ తన పని తాను చేసింది: నాలుగుకే ఇంత సంతోషమా? అయితే మూడుకి వచ్చేదే! నిజం చెప్పొద్దూ, ఆ అనుమానం నన్ను ఏళ్ళ తరబడి తినేసింది.

ఊరేగింపు ఉందన్న మాట అబద్ధం కాదు. తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు తలలమీద పళ్ళ గోపురాలు పెట్టుకుని, వెనక గంటల మోతతో, రోడ్డు నిండా నడుస్తున్నారు. మేం చేరేసరికి గుడి ముంగిట కుర్చీలు మడతపెడుతున్నారు. కిరీటం తీసి చంకలో పెట్టుకున్న ఒక పిల్ల స్కూటరెక్కి వెళ్ళిపోయింది. మార్టిన్ ఆ పిల్ల మలుపు తిరిగేదాకా చూశాడు. కోటు లోపలి జేబు మీద చెయ్యి పెట్టుకుని, "ఏం పర్లేదు. చోటు చూశాం కదా. చోటు బాగుంది" అన్నాడు.

ఆయన తిడితే బాగుండేది. కేతుత్‌తో, "ఇంకో ఆట ఎక్కడైనా ఉందా? ఎంతైనా ఇస్తా" అన్నాను. ఎంతైనా అన్న మాట నా నోట మాధవి వినడం అదే మొదటిసారి.

కేతుత్ మార్టిన్ వైపు చూశాడు. "ఆట లేదు. మా ఊళ్ళో మా అన్న కూతురు నేర్చుకుంటోంది, ఈ వేళకి అభ్యాసం ఉంటుంది. కిరీటాలుండవు."

"మా ఆవిడ పిల్లలకీ ఉండేవి కావు" అన్నాడు మార్టిన్. అప్పటికే వాన్ ఎక్కుతున్నాడు.

నాలుగు స్తంభాలమీద కప్పు, గోడల్లేవు. పదిమంది పిల్లలు బడి చొక్కాల మీదే నడుముకి గుడ్డ బిగించి కట్టుకున్నారు. పాట ఒక చిన్న స్పీకర్లోంచి వస్తోంది, మధ్యమధ్య ఆగిపోతోంది. ముగ్గుబుట్టలా తల నెరిసిన టీచరు ఒక పిల్ల వెనక నిలబడి, ఆ పిల్ల మణికట్లు రెండూ పట్టుకుని, తనతోపాటే ఒంటిని ఊపుతూ ఆడిస్తోంది. పిల్ల కుడికి వాలితే ఆవిడా వాలుతోంది. పిల్ల మెడ తిరగకపోతే తన గడ్డంతో తోస్తోంది.

మార్టిన్ టోపీ తీసేశాడు. గుళ్ళో కూడా తియ్యని టోపీ. "వెనకనే నిలబడేది" అన్నాడు, ఎవరితోనో. "ఇలాగే, వెనకనే."

పాట ఆగినప్పుడు కాగితం తీసి మడతలు విప్పి టీచరుకి చూపించాడు. కేతుత్ మధ్యలో నిలబడి అటుదిటు ఇటుదటు చెప్పాడు. మార్టిన్ అడిగింది ఒక్కటే, బ్రీడా అడగాలనుకున్నది. చేతులు ఎలా నేర్పుతారు?

టీచరు కాగితం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆయన వెనక్కి వెళ్ళి, ఆయన భుజం దాకా కూడా రాని మనిషి, ఆ లావుపాటి మణికట్లు పట్టుకుంది. సంతల్లో ఎన్ని వేల అరచేతుల్ని చరిచిన చేతులో అవి. మోచేతులు మెల్లగా పైకి లేపింది. వేళ్ళు ఒక్కొక్కటే వెనక్కి వంచింది, వంగినంతే. పిల్లలు కిసకిస నవ్వారు. ఆవిడ ఆయన్ని కుడికి ఊపింది, ఎడమకి ఊపింది. ఆయన కళ్ళు పక్కకి తిప్పాడు, కాగితంలో పిల్లలాగే. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా చేతులు కిందికి దించలేదు.

తర్వాత ఆయన అన్వితో, "మన వైపుది కూడా చూపించు" అన్నాడు. అన్వి చేతులు ఒంటికి అతికించుకుని గిరగిరా గంతులేసింది. ఈ పిల్ల చేతులెవరు కట్టేశారని టీచరు అడిగిందట. కేతుత్ చెప్పగానే మార్టిన్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మా ఆవిడే" అన్నాడు.

హోటల్ దగ్గర దిగాక, ఆ ఊరికి తీసుకెళ్ళినందుకు ఎంత అని కేతుత్‌ని అడిగాను. "రోజంతటికీ ఇచ్చారు కదా, రోజు ఇంకా అవలేదు" అన్నాడు. మార్టిన్ నన్ను పక్కకి లాగి, "ఇప్పుడు లక్ పెన్నీ ఇవ్వాల్సింది నువ్వు" అన్నాడు. ఇచ్చాను. పొద్దున్న తగ్గించినదంతా ఇచ్చాను. కేతుత్ కళ్ళలోకి చూడటం కష్టంగా ఉండి, సామాన్లు దింపే పనిలో పడ్డాను.

పోయిన శీతాకాలంలో మార్టిన్ కన్నుమూశాడు. ఇక్కడి పద్ధతి ప్రకారం భౌతికకాయాన్ని ఇంట్లోనే ఉంచారు. ఊరంతా వచ్చి టీ తాగి, శాండ్‌విచ్‌లు తిని, ఆయన గురించి కథలు చెప్పుకున్నారు. నావంతు వచ్చినప్పుడు నేను కొంగ కథ చెప్పాను. అందరూ నవ్వారు. ముసలి పశువుల బేరగాళ్ళు ఇద్దరు లేచి నాతో చెయ్యి కూడా కలిపారు. మా గేటు దాకా నడుస్తుంటే మాధవి అంది, "అక్కడ ఆ కథ చెప్పకుండా ఉండాల్సింది."

"ఏం? ఆయనకి ఇష్టమైన కథ."

"అవును. ఇష్టమే." తాళం తీస్తూ ఆగింది. "ఆరోజు బాత్రూమ్‌కి అని వెళ్ళి, ఆవిడ మొదట చెప్పిన పన్నెండుకీ సరిపోయేలా మిగతా ఎనిమిది లక్షలూ అంకుల్ ఇచ్చేశారు. నాలుగుకి ఒప్పుకున్నట్టు వెళ్ళి పిలవమన్నారు. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు. లేకపోతే వీడు రేపటిదాకా కదలడమ్మా అన్నారు."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కొట్టావిడ మొహం ఎందుకు వెలిగిందో అప్పుడు తెలిసింది. మూడుకి వచ్చేదేమోనని అన్నేళ్ళు కొట్టుకున్న బుర్ర ఒక్కసారి నోరు మూసుకుంది. ఆ పెద్దాయన కొన్నది కొంగని కాదు. నాట్యం దాకా చేర్చే కాసింత వేళని కొన్నాడు. అది కూడా ఊరేగింపులో పోయింది. అయినా ఆ తర్వాత ప్రతిసారీ నేను ఆ కథ చెబుతుంటే, పక్కన కూర్చుని, "పన్నెండు చెప్పింది, నేను సాక్షిని" అని వంత పాడాడు.

మొన్న అన్వి పాత సైకిల్ అమ్మకానికి పెట్టాను. తెలంగాణ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒకమ్మాయి వచ్చి, బ్రేకులు నొక్కి, గొలుసు చూసి, మొహం చిట్లించి, గేటు దాకా నడిచింది. నడక బాగుంది. పిలిచాను. డబ్బు తీసుకున్నాక ఒక నోటు వెనక్కిచ్చాను.

"అంటే ఇంకా తగ్గుతుండెనా అంకుల్?" అంది, కళ్ళు చిన్నవి చేసి.

దగ్గొచ్చేదాకా నవ్వాను. నాకు దగ్గు ఎప్పట్నుంచి పట్టుకుందో తెలియదు.

కాబట్టి ఇదీ లెక్క, ఇకమీదట ఎక్కడ చెప్పినా ఇలాగే చెబుతాను. చెక్క గంధం కాదు, వాసన మాత్రం ఇంకా ఉంది. నాట్యానికి కొన్న టిక్కెట్లు నష్టం, నా ఖాతాలో. కిరీటాలు లేని ఆ సాయంత్రం కొసరు, నేను అడక్కుండా వచ్చింది. కొంగ ఖరీదు పన్నెండు లక్షలు, తగ్గింపు లేదు. నాలుగు నావి, ఎనిమిది మార్టిన్‌వి. పైకం ముట్టింది.